ఒకవేళ లారీ మూడింటికొస్తే

మా రొయ్యల ప్లాంటులో (నెల్లూరికి దగ్గర్లోనే, పేరెందుకులే) గొడవ ఎప్పుడూ ఒకటే. చెరువు కాడ కొనేవాళ్లు 50 కౌంట్ అని రాసి పంపుతారు, ఇక్కడ గ్రేడింగులో 54 వస్తుంది. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క. అంకె పెరిగితే రొయ్య చిన్నది, రేటు తక్కువ. అంతకుముందు ఈ తేడా లాభంలో కలిసిపోయేది, 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కాక మాత్రం నాలుగు రొయ్యల కోసం చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది.

ఒక రాత్రి అల్లూరు వైపు నుంచి పదింటికి రావాల్సిన లారీ మూడింటికి వచ్చింది. పై క్రేట్లలో ఐసు కరిగిపోయింది. క్వాలిటీ కుర్రాడు రిజెక్ట్ అన్నాడు, కొనుగోలు కుర్రాడు గేటు దగ్గరే తిట్ల దండకం ఎత్తుకున్నాడు. రొయ్యలు ఒలిచే ఆడవాళ్లు పదింటి నుంచి ఊరికే కూర్చున్నారు, వాళ్లకు కిలో లెక్కన కూలి, సరుకు రాకపోతే రూపాయి లేదు. ఆ గొడవలో వాళ్ల ఊసు ఒక్కరూ ఎత్తలేదు, నేను కూడా.

మర్నాడు షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ని కదా అని అందరినీ మేనేజర్ గారి గదిలో కూర్చోబెట్టి, టీ, పునుగులు తెప్పించి, ఐడియాలు చెప్పండి అన్నాను. మేనేజర్ గారు ముందు మాట్లాడారు. ఇంకేముంది, ఆ తర్వాత అందరి ఐడియా అదే. పునుగులు మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

ఇలా అందరూ కూర్చుని తోచిన ఐడియాలు చెప్పుకునే బ్రెయిన్‌స్టార్మింగ్‌ని జనంలోకి తెచ్చింది అలెక్స్ ఆస్బర్న్ అనే అమెరికా ప్రకటనల కంపెనీ ఆయన. ముందు తప్పొప్పులు ఎంచకండి, కుప్పలుగా రానివ్వండి అన్నాడు. బాగానే ఉంది గానీ, 1958లో యేల్ యూనివర్సిటీలో పరీక్షించి చూస్తే గుంపుగా కూర్చున్నవాళ్ల కన్నా, అంతేమంది ఎవరికి వాళ్లు విడిగా ఆలోచించినప్పుడే ఎక్కువ ఐడియాలు వచ్చాయట. మా పునుగుల మీటింగ్ చూసినవాళ్లెవరికీ ఇందులో ఆశ్చర్యం ఉండదు.

అందుకని రెండోసారి చీటీలు పంచాను. జరిగిన రాత్రి గురించి కాదు, ఒక కల్పించిన రాత్రి గురించి. కొనుగోలు కుర్రాడికిచ్చిన చీటీలో: ‘రేపు విడవలూరు లారీ మూడింటికి వచ్చింది, ఐసు లేదు, నువ్వే క్వాలిటీ. ఏం చేస్తావు?’ క్వాలిటీ కుర్రాడికి: ‘చెరువు గట్టు మీద ఉన్నావు, చీకటి, వేరే కంపెనీ వాడు రోడ్డు మీద కాచుకున్నాడు, తూస్తావా పొమ్మంటావా అని రైతు అడుగుతున్నాడు.’ పేరు రాయక్కర్లేదు, ఎవరి చీటీ వాళ్లే మడిచి ఇవ్వాలి.

మొదటివాడు ‘నేనైనా రిజెక్టే రాస్తా, కానీ దారిలో ఉండగానే ఫోన్ చేసి ఐసు వేయించమంటా’ అని రాశాడు. రెండోవాడు ‘పైనున్న ఒక్క క్రేటులోంచే శాంపిల్ తీస్తానేమో’ అని రాశాడు. రోజూ తను ఎదుటివాడిని తిట్టేది సరిగ్గా దానికే! మొహం మీద అడిగితే చచ్చినా ఒప్పుకునేవాడు కాదు.

ఒలిచేవాళ్లలో కొంతమందికి రాయడం రాదు, అందుకని భోజనాల వేళ వెళ్లి అడిగాను. ఒక పెద్దామె నవ్వింది. “ఒకవేళేంది నాయనా, మాకు రోజూ అదే గదా. లారీ చెరువు కాడ బయల్దేరినాక పిలిస్తే పిల్లకాయలకు ఇంత కూడొండి పెట్టి వస్తాం.”

రెండు మీటింగుల్లో ఇంత పనికొచ్చే మాట ఇంకెవరూ చెప్పలేదు, పైసా ఖర్చు లేదు. ఇప్పుడు లారీ కదలగానే గ్రూపులో మెసేజ్ వస్తుంది, దాన్నిబట్టే ఆడవాళ్ల బస్సు వెళ్తుంది. శాంపిల్ మూడు చోట్ల తీసి ఫోటో పెడుతున్నారు. కౌంట్ తేడా ఇంకా వస్తూనే ఉంది, కేకలు మాత్రం తగ్గాయి.

అన్నిటికీ చీటీలు పనికిరావు. ఎవరైనా ఆడమనిషితో అసభ్యంగా ప్రవర్తించాడంటే అక్కడ ఊహలు, ఐడియాలు ఏమీ లేవు. 10 మంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది, నేరుగా అక్కడికే.

లారీ ఆలస్యమైన రోజు కూర్చున్న గంటలకు కూలి ఇవ్వాలన్న మాట మాత్రం మేనేజర్ గారి దగ్గరే ఆగిపోయింది. వచ్చే వారం ఇద్దామని ఆయనకూ ఒక చీటీ రాసిపెట్టాను: ‘రాత్రి పది. మీరు రొయ్యలు ఒలవడానికి వచ్చారు. లారీ రాలేదు.’ ఇచ్చే ధైర్యం ఇంకా రాలేదు, జేబులోనే ఉంది.