మా పెరట్లోకి ఎంత మట్టి పట్టింది: నా అనుభవం

పెరట్లో మట్టి పోయించాలనుకున్నప్పుడు లెక్క తేలికే అనిపించింది. పొడవు 30 అడుగులు, వెడల్పు 20. మధ్యలో ఒక చెట్టు ఉంది. దాని మొదలు చుట్టూ మట్టి పోగేస్తే వేర్లకు గాలి ఆడదు, మాను కుళ్లే ప్రమాదమూ ఉంది. అందుకే చుట్టూ రాళ్లు పేర్చి 6 అడుగుల వ్యాసంతో గుండ్రంగా జాగా వదిలేశాను. వ్యాసంలో సగం 3, మూడు మూళ్లు తొమ్మిది, దాన్ని 3.14తో గుణిస్తే సుమారు 28 చదరపు అడుగులు. 600లోంచి అది తీసేస్తే 572.

ఇక లోతు. గుమ్మం దగ్గర టేపు పెట్టి చూస్తే 4 అంగుళాలు నింపాలని తేలింది. 572ని 4తో గుణించాను. 2,288! అంత మట్టి ఎక్కడ పడుతుందని టెన్షన్ పట్టుకుంది. అడుగుల్ని అంగుళాలతో గుణించానని కాసేపటికి గానీ తట్టలేదు. 12తో భాగిస్తే 191 ఘనపు అడుగులు వచ్చింది. సరేనని అంతే తెప్పించాను.

ఇంటి వైపు సగం బాగానే నిండింది. అవతలి మూల మాత్రం పల్లంగానే ఉండిపోయింది. నాలుగు రోజులు నీళ్లు పెట్టి దిమ్మిసతో కొట్టేసరికి పోసిన మట్టి కూడా దిగింది.

ఈసారి తొందరపడలేదు. నాలుగు మూలలా మేకులు పాతాను. సన్నటి పారదర్శక పైపులో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, రెండు చివర్లా నీటి మట్టం చూసి మేకుల మీద గుర్తులు పెట్టాను. నీళ్లు గోడ వైపు రాకుండా అవతలి చివర గుర్తు 2 అంగుళాలు కిందికి దించి దారాలు కట్టాను. స్థలాన్ని తొమ్మిది సమానమైన గళ్లుగా అనుకుని, ప్రతి గడి మధ్యలో (చెట్టున్న గడిలో మాత్రం రాళ్ల పక్కన) దారం నుంచి నేల దాకా కొలిచాను. వచ్చిన అంగుళాలు ఇవి: 0, 0, 1, 1, 2, 4, 3, 5, 8. మొత్తం 24, తొమ్మిదితో భాగిస్తే సగటు 2.67. దాన్ని 572తో గుణించి 12తో భాగిస్తే, ఇంకా 127 ఘనపు అడుగులు కావాలి.

అయితే అది కుదురుకున్న మట్టి లెక్క. బండిలో వచ్చేది గుల్లగా ఉంటుంది. ఎంత దిగుతుందో తెలుసుకోవడానికి నిటారు గోడలున్న డబ్బాలో అదే మట్టి 12 అంగుళాల ఎత్తు పోసి, తడిపి, కర్రతో అదిమి ఉంచాను. మర్నాటికి 10 అంగుళాలే ఉంది. ఇక్కడ చాలామంది పొరపడతారు. తగ్గింది ఆరో వంతే, కానీ అదనంగా తెప్పించాల్సింది ఐదో వంతు, ఎందుకంటే 10 మిగలాలంటే 12 పోయాలి. 127ని 1.2తో గుణిస్తే 152 దాటింది.

నమ్మకం కుదరక పాత లెక్కనూ సరిచూశాను. మొదటి లోడు 191 కదా, 1.2తో భాగిస్తే 159. దానికి 127 కలిపితే 286. దాన్ని 572తో భాగిస్తే సరిగ్గా అర అడుగు. అంటే మొదటి నుంచీ సగటు లోతు 6 అంగుళాలే. నేను కొలిచింది మొత్తం స్థలంలో ఎత్తుగా ఉన్న చోట! పొడవు వెడల్పుల్లో ఓ అడుగు అటూ ఇటూ అయినా పెద్ద తేడా రాదు. లోతులో 2 అంగుళాలు తప్పితే మూడో వంతు మట్టి తక్కువ పడింది.

సంచుల్లో కొనేవారికి ఒక మాట. ఘనపు అడుగుకు 28 లీటర్లకు పైగా పడుతుంది కాబట్టి సంచి మీద లీటర్లు చూడండి. తడి మట్టి బరువెక్కువ, కిలోలతో ఈ లెక్క తేలదు.

రెండోసారి 155 చెప్పాను. బండి రాగానే కుప్ప చదును చేయించి, తొట్టి పొడవు, వెడల్పు, మట్టి ఎత్తు కొలిచాకే దింపించాను. పరిచాక నాలుగైదు తట్టలు మిగిలింది. వాన పడ్డాక రాళ్ల అంచున కాస్త కుంగితే అది అక్కడికే సరిపోయింది.