లిస్టు ఎక్కడ తయారవుతుంది?

ఉదయం మొదటి కేసు బొబ్బిలి వైపు నుంచి వచ్చిన మామ్మగారిది. బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి దగ్గర ఎముక విరిగింది. "పెద్ద డాక్టరు బాబు రాలేదేటమ్మా?" అని అడిగింది. ఆపరేషన్ నేనే చేస్తానంటే కాసేపు నా ముఖంలోకి చూసి, సరే బాగా చెయ్యమంది. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఇన్నేళ్లలో ఆవిడ చూసిన ఎముకల డాక్టర్లంతా మగవాళ్లే అయుంటారు.

నా కోపమంతా ఆపరేషన్ థియేటర్ (ఓటీ) పక్క గది మీద. మా దగ్గర బట్టలు మార్చుకోవడానికి రెండు గదులున్నాయి, ఒకటి డాక్టర్లది, ఒకటి సిస్టర్లది. లేడీ డాక్టర్లం సిస్టర్ల గదిలోనే మార్చుకుంటాం. వాళ్లతో కూర్చోవడం నాకు నామోషీ కాదు, ఓటీ పని సగం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. కానీ రేపటి మోకాలి మార్పిడి ఎవరికి, కాన్ఫరెన్స్‌కి ఎవరు, మా దగ్గర సర్జరీ నేర్చుకుంటున్న పీజీ డాక్టర్లలో ఎవరి చేతికి డ్రిల్ ఇవ్వాలి, ఇవన్నీ ఆ డాక్టర్ల గదిలో టీ తాగుతూ తేల్చేస్తారు. బోర్డు మీద లిస్టు పెట్టాకే మాకు తెలుస్తుంది. సర్జరీ పుస్తకం చదివితే వచ్చేది కాదు. కేసులు ఇవ్వకపోతే చెయ్యి తిరగదు, చెయ్యి తిరగలేదని మళ్లీ కేసులు ఇవ్వరు.

మా యూనిట్‌లో పాడేరు వైపు నుంచి వచ్చిన గిరిజన అమ్మాయి పీజీ చేస్తోంది. డ్రెస్సింగులు, డిశ్చార్జి సమ్మరీలు, ఆరోగ్యశ్రీ కాగితాలు అన్నీ ఆమెవే. ఓటీలో మాత్రం కోతని తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకోవడం దగ్గరే ఆగిపోయింది. ఈ రోజు ఎముక లోపల వేసే కడ్డీ (నెయిల్) సైజు అడిగితే ఒక్క క్షణం ఆలోచించింది. వెనక నుంచి "రిజర్వేషన్ సీటు" అన్న మాట వినపడింది. పోయిన వారం అదే ప్రశ్నకి తోటి అబ్బాయి తప్పు చెబితే "నేర్చుకుంటాడులే" అన్నారు. నాకు వెంటనే పాయల్ తడ్వీ గుర్తొచ్చింది. ముంబైలో గైనకాలజీ పీజీ చేస్తూ, కులం పేరుతో సీనియర్లు వేధించారన్న ఆరోపణల మధ్య 2019లో ప్రాణం తీసుకున్న ఆదివాసీ అమ్మాయి. ఆమె తల్లి ఆబెదా, హైదరాబాద్ యూనివర్సిటీలో ప్రాణం తీసుకున్న మన రోహిత్ వేముల తల్లి రాధిక కలిసి, కాలేజీల్లో కులవివక్షని ఆపాలని ఆ ఏడాదే సుప్రీంకోర్టుకి వెళ్లారు. ఇది చిన్న మాటే కదా అని నేను ఊరుకోలేను.

మధ్యాహ్నం ఇంగ్లండ్‌లో మత్తు డాక్టరుగా ఉన్న స్నేహితురాలు ఫోన్ చేసింది. కన్సల్టెంట్ పోస్టులకి ఎన్ని అప్లికేషన్లు పెట్టినా ఇంటర్వ్యూకి పిలవడం లేదట. 1993లో అక్కడ ఎస్మాయిల్, ఎవరింగ్టన్ అనే ఇద్దరు డాక్టర్లు పేరు చూసి పక్కన పెడతారా అని పరీక్షించి చూశారు. చదువూ అనుభవమూ ఒకేలా రాసిన ఉద్యోగ అప్లికేషన్లలో కొన్నిటికి ఇంగ్లీషు పేర్లు, కొన్నిటికి ఆసియా పేర్లు పెట్టి హాస్పిటళ్లకి పంపారు. ఇంగ్లీషు పేర్లకి పిలుపు వచ్చే అవకాశం రెట్టింపు ఉంది. తప్పుడు అప్లికేషన్లు పెట్టారని పోలీసులు ఆ ఇద్దరినీ అరెస్టు చేశారు. విశాఖలో చదివినన్నాళ్లూ తన ఇంటిపేరు ఎక్కడా అడ్డు రాలేదని, అదొక సౌకర్యమని అక్కడికి వెళ్లాకే తెలిసిందని నా స్నేహితురాలు అంది. ఆ మాట నాకు నచ్చింది.

సాయంత్రం పీజీలిద్దరూ తమ కేసులు రాసుకునే లాగ్‌బుక్‌లు తెప్పించుకున్నాను. ఆ అమ్మాయి పుస్తకంలో చూసినవి, సాయం చేసినవి పేజీలకి పేజీలు ఉన్నాయి. స్వయంగా చేసినవి దాదాపు లేవు. సోమవారం నా లిస్టులో చీలమండ కేసు ఒకటి ఉంది. విరిగిన ఎముకకి ప్లేటు ఆ అమ్మాయే వేస్తుంది, నేను పక్కన నిలబడతాను. సార్ అడిగితే రెండు లాగ్‌బుక్‌లూ ఆయన ముందు పెడతాను.