అరకు కొండవాలులో ఒక గూడెం

అరకు వెళ్లేవారిలో చాలామంది బొర్రా గుహలు చూసి, వలిసె (నూనెగింజ పంట) పూల మధ్య ఫోటో దిగి, సాయంత్రానికి విశాఖకు తిరిగి వచ్చేస్తారు. ఈసారి నేను రోడ్డు వదిలి పైకి నడిచి, కొండవాలులోని ఒక గూడెంలో ఆగాను. పట్టుమని పది ఇళ్లు లేవు.

కాఫీ కోతల రోజులవి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్ల కాండాలకే అల్లుకున్న మిరియాల తీగలు. ఒక పెద్దమ్మ ఎర్రగా పండినవే ఏరి కోస్తూ, పచ్చివి కొమ్మకే వదిలేస్తోంది. అన్నీ ఒకేసారి దూసేస్తే రుచి చెడుతుందట. అందుకే ఒకే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. కోసిన పండ్లకు వెంటనే తొక్క తీయాలి, కడగాలి, గింజలు ఎండబెట్టాలి. అసలు మొక్క నాటాక కాపు కోసమే మూడు నాలుగేళ్లు ఆగాలి! 2019లో అరకు కాఫీకి ఈ ప్రాంతపు ప్రత్యేక పంటగా భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిందంటే, అది ఈ చేతుల చలవే.

కింద గెడ్డ (కొండవాగు) నీటితో వరి మడులు. పైన మెట్టలో చోళ్లు (రాగులు), సామలు, వలిసెలు పండిస్తారు. అమ్మాలన్నా, ఉప్పు కొనాలన్నా వారపు సంతే.

జబ్బు చేస్తే మాత్రం డోలీ కట్టి రోడ్డు దాకా మోయాలి. ఇక్కడి గింజ దేశాలు దాటి వెళుతోంది. దాన్ని పండించిన తల్లి ఆసుపత్రికి చేరడానికి దారి లేదు. ఇది నాకు మింగుడు పడటం లేదు.

అరకు వెళితే సంత రోజు చూసుకుని వెళ్లండి. మిరియాలు, పసుపు పండించినవాళ్ల దగ్గరే కొనండి. దయచేసి బేరమాడకండి.