కోడిపిల్లల ముక్కు టీకా: కొన్ని గ్రాముల లెసిథిన్ కోసం పడిన పాట్లు

కొక్కెర తెగులుకు (రాణిఖేత్ వ్యాధికి) ముక్కు ద్వారా ఇచ్చే టీకా మీద నేను చేస్తున్న పరిశోధనలో, మొదటి విడత కోడిపిల్లలకు చుక్కలు వేయడం నిన్నటితో పూర్తయింది. విజయనగరంలో ఇదే పనికి పూనుకునే విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను.

జంతు నైతిక సంఘం అనుమతి సులువుగానే వచ్చింది. నన్ను ఏడిపించింది కొనుగోలు విభాగం.

లసోటా వంటి సజీవ టీకా ముక్కులో తానే వృద్ధి చెంది రోగనిరోధకతను మేల్కొలుపుతుంది; కానీ తల్లి నుంచి గుడ్డు ద్వారా వచ్చిన ప్రతిరక్షకాలు దాన్ని అణచివేయవచ్చు. నిర్జీవ (చంపిన) వైరస్‌నైతే ముక్కులోని జిగురు తుడిచిపెట్టేస్తుంది. దానికి ధనావేశం గల లైపోసోములను (కొవ్వు పొరతో చేసిన అతిసూక్ష్మ బుడగలను) అడ్జువెంటుగా, అంటే టీకా ప్రభావాన్ని పెంచే పదార్థంగా కలిపితే, అవి రుణావేశం గల ఆ జిగురుకు అంటుకుని టీకాను ఎక్కువసేపు నిలుపుతాయి. వాటి తయారీకి శుద్ధి చేసిన సోయా లెసిథిన్ (సోయా నుంచి తీసే కొవ్వు పదార్థం) కొన్ని గ్రాములు కావాలని ఇండెంటు పెట్టాను.

"బేకరీలకు అమ్మే లెసిథిన్ కిలోల లెక్కన చౌకగా దొరుకుతుంటే, గ్రాములకు ఇంత ధరేమిటమ్మా?" అని అక్కడి అధికారి అందరి ఎదుటా అడిగి, ఫైలును నా వైపు తోసేశారు. బేకరీ సరుకులో నూనెలు, రకరకాల ఫాస్ఫోలిపిడ్లు (ఫాస్ఫరస్ ఉన్న కొవ్వులు) కలిసి ఉంటాయని, వాటితో ప్రతి విడతకూ బుడగల పరిమాణం మారిపోతుందని చెప్పబోతే వినిపించుకోలేదు. మరో కొటేషన్ తెమ్మన్నారు. తెస్తే తేదీ సరిపోలేదన్నారు. సరిచేయించి తెస్తే సంతకం పెట్టేవారు సెలవన్నారు. తీరా సరుకు వచ్చాక, మైనస్ 20 డిగ్రీల వద్ద ఉంచాలని పెట్టె మీద రాసి ఉన్నా, స్టోరు గదిలో ఎండవేడికి వదిలేశారు. అలా ఆక్సీకరణం చెంది పాడైన లిపిడ్‌తో (కొవ్వుతో) ప్రయోగం చేయలేక మళ్లీ తెప్పించాను. మా మెంటాడ వైపు పెరటికోళ్లు అమ్మి పిల్లల పుస్తకాలు కొనే ఇల్లాళ్లున్నారు. తెగులు వస్తే వారికి ఆ ఆసరా ఒక్క వారంలో పోతుంది. ఫైళ్లు తొక్కిపెట్టేవారు ఒక్కసారైనా ఆ పెరళ్లు చూడాలి.

ఇండెంటులో శుద్ధత శాతం, నిల్వ ఉష్ణోగ్రత తప్పక రాయండి. సరుకు వచ్చే రోజు స్టోరు గుమ్మంలో మీరే ఉండండి, ఎవరి మాటా నమ్మకండి. తయారైన లైపోసోములు చలికి మంచులా గడ్డకడితే చిట్లిపోతాయి కనుక వాటిని మాత్రం 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి.

చుక్క వేసేటప్పుడు ఒక ముక్కురంధ్రాన్ని వేలితో మూసి, రెండవదాని మీద చుక్క పెట్టి, పిల్ల దాన్ని పీల్చుకునేదాకా వదలకూడదు. తొందరపడితే తల విదిలించి పారబోస్తుంది. ఇక టీకా పనిచేసిందో లేదో చూడటానికి పిల్ల కంట్లో ఉప్పు రేణువు వేసి కన్నీరు సేకరించి, అందులోని ఐజీఏను (జిగురు పొరలను కాపాడే ప్రతిరక్షకాన్ని) కొలవాలి. అందుకు కావలసిన ఎలైసా కిట్ (ప్రతిరక్షకాలను కొలిచే పరీక్ష సామగ్రి) ఇండెంటును ఈసారి అన్ని పత్రాలూ జతచేసి, రసీదు తీసుకునే ఇచ్చాను.