టిక్కు పెట్టకుండానే ఖాతా తిరిగి వచ్చింది: నా అనుభవం

ఒక ఆన్‌లైన్ చర్చావేదికలో నా ఖాతా మీద విధించిన నిషేధాన్ని నిన్న ఎత్తివేశారు. విధించినప్పుడు కారణం ఒక్క ముక్కలో చెప్పారు, అది అబద్ధం; ఎత్తివేసినప్పుడు ఆ ఒక్క ముక్క కూడా చెప్పలేదు. వీడియో గేముల గురించి, రాజకీయాల గురించి, ప్రపంచ చరిత్ర గురించి ఆన్‌లైన్‌లో వాదించే అలవాటున్న వారికి ఈ తద్దినం ఎప్పుడో ఒకప్పుడు తప్పదు కనుక, జరిగినదంతా మరుపున పడకముందే రాసిపెడుతున్నాను.

వాదన మామూలుగానే మొదలైంది. ఒకాయన "ఈ మధ్యనే గేముల్లోకి రాజకీయాలు చొప్పిస్తున్నారు, పూర్వం ఆట ఆటలాగే ఉండేది" అని రాశారు, పదిమంది తలలూపారు. చరిత్ర తెలిసినవాడు ఇలాంటి మాటను చూసీ చూడనట్టు వదిలేయకూడదని నా నమ్మకం. రెండో ప్రపంచ యుద్ధాన్ని పటం మీద ఆడించే హార్ట్స్ ఆఫ్ ఐరన్‌ను 2004లో చైనా సాంస్కృతిక శాఖ నిషేధించిందని, 1936తో మొదలయ్యే ఆ పటంలో టిబెట్, మంచూరియా వంటివి వేరు దేశాలుగా కనిపించడమే అభ్యంతరమని నేను గుర్తుచేశాను. "అది చైనా గొడవ, గేముది కాదు" అని ఆయన ఒక్క మాటలో తేల్చేశారు.

ఆ తరువాత ఆయన గాంధీని తీసుకొచ్చారు. దేశాలను నడిపే 1991 నాటి గేము సివిలైజేషన్‌లో, భారత నాయకుడిగా కనిపించే గాంధీ అణుబాంబులు వేస్తాడన్నది గేములు ఆడేవారిలో వినని వారుండని కథ. దాని ప్రకారం గాంధీ దూకుడు విలువ 1; ఆయన దేశం ప్రజాస్వామ్యాన్ని చేపట్టగానే అందులోంచి 2 తగ్గాలి; సున్నాకు దిగువకు వెళ్లలేని ఆ అంకె తిరగబడి, దానికి సాధ్యమైన అత్యధిక విలువ 255 అయి కూర్చుంది. "చూశారా, అది రాజకీయం కాదు, కోడులో పొరపాటు" అన్నారాయన. ఈ కథ ఎంత ముచ్చటగా ఉంటుందో అంత కట్టుకథ. ఆ గేము రూపకర్త సిడ్ మేయర్ 2020లో ప్రచురించిన తన జ్ఞాపకాల పుస్తకంలో అలాంటి బగ్ ఏనాడూ లేదని తేల్చిచెప్పారు. మొదటి గేములో దూకుడుకు ఉన్నవి మూడే స్థాయిలని, అన్నిటికంటే తక్కువ స్థాయిలో గాంధీతో పాటు మరికొందరు నాయకులూ ఉన్నారని రెండో భాగం ప్రధాన రూపకర్త బ్రయన్ రేనాల్డ్స్ వివరించారు. గాంధీకి అణ్వస్త్రాల మోజును నిజంగా అంటగట్టింది 2010లో వచ్చిన ఐదో భాగం. 10తో ఆగిపోవాల్సిన కొలతలో అణ్వస్త్ర వాడకం దగ్గర ఆయనకు 12 వేశారు. అది కోడు చేసిన తప్పు కాదు, ఒక మనిషి సరదాకి కావాలని తీసుకున్న నిర్ణయం. ఈ వివరాలు ఎక్కడా వెతుక్కోకుండా రాయగలిగాను, ఎందుకంటే ఈ గొడవను నేను ఎప్పటి నుంచో అనుసరిస్తున్నాను.

అంతవరకు "మీరు" అంటున్న ఆయన ఈ జవాబు తరువాత "మేధావి గారూ" అన్నారు, ఆ తరువాతి వ్యాఖ్యలో "నువ్వు"లోకి దిగారు. ఎదుటివారి దగ్గర సరుకు అయిపోయిందనడానికి ఇంతకంటే నమ్మకమైన గుర్తు నాకు తెలియదు.

అప్పుడు నేను ఒక చిత్రం పెట్టాను. నాజీలతో పోరాడే గేము, 1992లో వచ్చిన వుల్ఫెన్‌స్టైన్ 3డిని నాజీ చిహ్నాలున్న కారణంగా 1994లో జర్మనీలో కోర్టు ఉత్తర్వుతో జప్తు చేశారు. అదే ఏడాది సూపర్ నింటెండో అనే గేము యంత్రం కోసం తయారైన రూపంలో స్వస్తిక్ గుర్తులు తీసేశారు, కాపలా కుక్కల చోట పెద్ద ఎలుకలు పెట్టారు, హిట్లర్ మీసం గీసేసి పేరు కూడా మార్చారు. నేను చేసిందల్లా మూల రూపంలో స్వస్తిక్ ఉన్న గోడనూ, మార్చిన రూపంలో అది లేని గోడనూ పక్కపక్కన పెట్టి, కింద "రాజకీయం లేని ఆటలో కుక్క ఎలుకగా మారాల్సిన అవసరం ఎందుకు వచ్చింది?" అని రాయడమే. జవాబుగా ఆయన "నాజీలను, చైనాను వదిలెయ్. 1990కి ముందు రాజకీయం ఉన్న గేము ఒక్కటి చూపించు" అని సవాలు విసిరారు. నా దగ్గర ఒకటి కాదు, రెండున్నాయి. జవాబు టైపు చేస్తుండగానే తెర మారిపోయింది.

"విద్వేష సంస్థలకు మద్దతు తెలిపినందుకు మీ పోస్టును తొలగించాం. మీ ఖాతాను తాత్కాలికంగా నిలిపివేశాం." నాజీ చిహ్నాలను ఆటల నుంచి ఎలా తుడిచేశారో చూపించిన పోస్టును నాజీ చిహ్నం ఉందని తుడిచేశారు. చిత్రాలను జల్లెడ పట్టే యంత్రం గుర్తును పట్టుకోగలదు. ఆ గుర్తును పొగుడుతున్నారా, తిడుతున్నారా, చరిత్ర పాఠంగా చూపిస్తున్నారా అన్నది పోల్చుకోవడం మాత్రం దాని వల్ల కాలేదు. అంతకంటే బాధించింది, నా పోస్టు ఉన్న చోట అందరికీ కనిపించేలా వేసిన బూడిదరంగు పట్టీ. దాని మీద నా పేరు, పక్కనే "విద్వేష కంటెంట్" అన్న ముద్ర. దాని కింద ఆ పెద్దమనిషి "నాజీ భక్తుడు దొరికాడు" అని రాసి నవ్వు బొమ్మలు వరుసగా పేర్చారు. ఖాతా నిలిపివేశారు గనుక నేను చదవగలను, రాయలేను. ఫిర్యాదు ఎవరు చేశారో వేదిక చెప్పదు. నా అనుమానం నాకుంది.

మొదటి అప్పీలు తేలిక. ఒక బటన్ నొక్కాలి, నొక్కాను, కొద్ది నిమిషాల్లోనే "సమీక్షించాం, నిర్ణయంలో మార్పు లేదు" అని వచ్చింది. అంత త్వరగా ఏ మనిషి చూసి ఉంటాడని అడగడానికి అక్కడ మనిషే లేడు.

అసలు అవమానం ఆ తరువాత మొదలైంది. ఖాతాను "వెంటనే" తిరిగి పొందే దారి ఒకటుందని, దానికి ఒక చిన్న పాఠం పూర్తిచేయాలని తెర మీద కనిపించింది. పాఠం తెరిచాను. మొదట రంగురంగుల బొమ్మలతో, పక్కవాళ్లను నొప్పించకుండా ఎలా మాట్లాడాలో చెప్పారు. ఆ తరువాత ప్రశ్నలు. "మీ స్నేహితుడు ఒక విద్వేష సంస్థను పొగుడుతూ చిత్రం పెట్టాడు. మీరేం చేస్తారు?" అని అడిగి, "దాన్ని షేర్ చేస్తాను", "లైక్ కొడతాను", "వేదికకు తెలియజేస్తాను" అని మూడు జవాబులిచ్చారు. నాజీ జర్మనీ గురించి ఏళ్ల తరబడి చదివినవాణ్ని నాజీలు చెడ్డవాళ్లా కాదా అని ఒకటో తరగతి పిల్లవాణ్ని అడిగినట్టు అడుగుతున్నారు. అన్నిటికీ సరైన జవాబులే పెట్టాను. ప్రతి జవాబుకూ తెర మీద ఒక పచ్చని నక్షత్రం మెరిసింది. ఆ నక్షత్రాలను చూసినప్పుడు వచ్చినంత కోపం నన్ను నాజీ అన్నప్పుడు కూడా రాలేదు.

చివరి తెరలో ఒక చిన్న గడి, దాని పక్కన ఒక వాక్యం ఉన్నాయి: "నా పోస్టు నియమాలను అతిక్రమించిందని నేను అంగీకరిస్తున్నాను." టిక్కు పెడితే ఖాతా అప్పటికప్పుడు తెరుచుకుంటుంది. పెట్టకపోతే మనిషి చేసే సమీక్ష కోసం వరుసలో నిలబడాలి, అది ఎప్పటికి వస్తుందో చెప్పరు. "అంగీకరించడం లేదు" అనే గడి లేదు. "ఈ నిర్ణయం తప్పని నేను భావిస్తున్నాను" అనే గడీ లేదు. ఇంకో తెరకు వెళ్లకుండా ఆ వాక్యం ముందు ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

తెలిసిన వాళ్లందరూ చెప్పింది ఒకటే: టిక్కు పెట్టేసి లోపలికి వెళ్లు, ఎవరు చూస్తారు? చూసేవాళ్లు ఉన్నారు. ఆ టిక్కు పెడితే నా ఖాతా చరిత్రలో ఆ ముద్ర నా ఒప్పుకోలుతో సహా నిలిచిపోతుంది. ఇంకోసారి ఏ చిత్రం మీద ఫిర్యాదు వచ్చినా నేను ఒప్పుకున్న నేరం ముందే అక్కడ ఉంటుంది. ఆ బూడిదరంగు పట్టీ ఎప్పటికీ తొలగదు. ప్రభుత్వాలు, సంస్థలు, పార్టీలు మనుషుల చేత చేయని తప్పును ఒప్పించి సంతకాలు పెట్టించుకున్న ఘట్టాలు చరిత్రలో కొల్లలుగా ఉన్నాయి. స్టాలిన్ పాలనలో జరిగిన 1930ల మాస్కో విచారణల్లో ఆ ఒప్పుకోళ్లే అసలు సాక్ష్యంగా నిలిచాయి. నా ఖాతా విషయం దానితో పోల్చదగ్గది కాదని నాకు తెలుసు. కానీ చేయని తప్పును ఒప్పుకుంటేనే తలుపు తీస్తామనే పద్ధతి ఎక్కడున్నా నాకు నచ్చదు. నేను టిక్కు పెట్టలేదు. ఇది చదివే వారికి కూడా, మీ పోస్టు నిజంగా తప్పు కానప్పుడు, పెట్టవద్దనే చెబుతాను. ఆలస్యమవుతుంది, కానివ్వండి.

మనిషి సమీక్షకు పంపే ఫారంలో వివరణ రాసే పెట్టె ఒకటుంది. దానికి 500 క్యారెక్టర్ల హద్దు. ఇక్కడ తెలుగువారికి ఎవరూ చెప్పని ఇబ్బంది ఒకటుంది. ఆ లెక్క అక్షరాన్ని ఒకటిగా చూడదు; హల్లును, గుణింతపు గుర్తును, పొల్లును విడివిడిగా లెక్కిస్తుంది. "స్వస్తిక్" మనకు మూడక్షరాల మాట. పెట్టె మూలనున్న లెక్కలో తొమ్మిది తగ్గాయి. వత్తులున్న మాట రాసినప్పుడల్లా మీ వాదనలోంచి ఒక ముక్క ఊడిపోతుంది. అందుకని మర్యాద వాక్యాలు, బాధ, కోపం అన్నీ కొట్టేసి మూడు సంగతులు మాత్రమే మిగిల్చాను: చిత్రంలో ఉన్నది ఏ సంవత్సరపు ఏ గేము, దాన్ని ఏ ప్రశ్నకు జవాబుగా పెట్టాను, దాని కింద నేను రాసిన వాక్యం ఏమిటి. "నేను దేశభక్తుణ్ని, నాజీలంటే అసహ్యం" వంటి మాటలు ఒక్కటీ రాయలేదు. సమీక్షించే మనిషికి కావలసింది మన గుణగణాలు కాదు, సందర్భం. నోటీసు మీది రిఫరెన్సు నంబరును మొదటి వాక్యంలోనే పెట్టాను. ఆ నంబరున్న తెరను వచ్చిన వెంటనే ఫొటో తీసి ఉంచుకోండి. నా విషయంలో ఆ నోటీసు తరువాత మాయమైపోయింది.

ఒక మాట. ఇలాంటి సమయంలో రెండో ఖాతా తెరిచి వాదన కొనసాగించవద్దు. చాలా వేదికల నియమాల్లో అది నిషేధాన్ని తప్పించుకోవడం కిందికి వస్తుంది, దానితో అసలు కేసు కూడా పోతుంది. చట్టాలను కూడా కొంచెం చదువుకోండి. ఐరోపా సమాఖ్యలో 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమలులో ఉన్న డిజిటల్ సేవల చట్టం, తొలగింపుకు కారణాలు వివరంగా చెప్పాలని, అప్పీళ్లను కేవలం యంత్రాలతో తేల్చకూడదని అంటుంది. భారతదేశంలోనూ 2021 నాటి ఐటీ నియమాల కింద ఫిర్యాదుల అధికారి ఉండాలి. 2022 సవరణ ఆ అధికారి నిర్ణయం మీద అప్పీలు వినే కమిటీలకు దారి వేసింది. నేను అంతదూరం వెళ్లాల్సిన అవసరం రాలేదు గానీ, వెళ్లడానికి కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నాను.

చివరికి నిన్న ఖాతా తెరుచుకుంది. పోస్టు తిరిగి వచ్చింది, పట్టీ పోయింది. క్షమాపణ లేదు, "పొరపాటు జరిగింది" అన్న మాట లేదు. "మీ ఖాతా ఇప్పుడు చురుకుగా ఉంది" అని మాత్రం ఉంది. ఆత్రంగా ఆ చర్చలోకి వెళ్లి చూస్తే, గొడవ ముదిరిందని నిర్వాహకులు దానికి తాళం వేశారు. కొత్త వ్యాఖ్యలు తీసుకోదు. నవ్వు బొమ్మలతో సహా ఆ పెద్దమనిషి వ్యాఖ్యే ఆఖరుది.

అక్కడ రాయనివ్వలేదు కనుక 1990కి ముందు సంగతి ఇక్కడ రాస్తున్నాను. 1980 నాటి మిసైల్ కమాండ్‌లో ఆటగాడు ఆరు నగరాలను క్షిపణుల నుంచి కాపాడాలి. ఎంత బాగా ఆడినా క్షిపణులు ఆగవు, ఏదో ఒక దశలో నగరాలన్నీ కూలతాయి. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఆ ఆట ఆడినవారికి దాని అర్థం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. 1985లో క్రిస్ క్రాఫర్డ్ రూపొందించిన బ్యాలెన్స్ ఆఫ్ పవర్‌లో అమెరికా, సోవియట్ యూనియన్ చిన్న దేశాల మీద పెత్తనం కోసం పోటీపడతాయి. బెదిరింపు హద్దు దాటి అణుయుద్ధం వచ్చిందా, పేలుడు బొమ్మ ఏదీ చూపించరు. నల్లని తెర మీద, వైఫల్యానికి మేము బహుమానం ఇవ్వం అన్న అర్థంలో నాలుగు మాటలు కనిపించి ఆట ముగుస్తుంది. ఆయన ఒక్కటి అడిగారు, ఇవి రెండు.