ఊడిపోయే ఫాస్ఫేట్‌ను కాపాడుకుంటూ: ఈజీఎఫ్‌ఆర్, గ్రబ్2, ఈఆర్‌కే – నా అనుభవం

కణాలను పెరగమని చెప్పే ఈజీఎఫ్ అనే ప్రోటీన్ తగలగానే కణంలో ఏ ప్రోటీన్ దేన్ని పట్టుకుంటుందో చూడడానికి నేను పాటించే పద్ధతి ఇది. ఈజీఎఫ్‌ను కణం మీద పట్టుకునేది ఈజీఎఫ్‌ఆర్, దానికి అంటుకునేది గ్రబ్2, ఆ సంకేతం లోపల చేరేది ఈఆర్‌కేకు. ఈ ప్రోటీన్ల మీద పడే ఫాస్ఫేట్లే సంకేతానికి గుర్తు. కణాలు పెంచే వసతి నల్లగొండలో మాకు లేదు. ఆ పని హైదరాబాద్‌లో, జెల్ (ప్రోటీన్లను సైజు వారీగా విడదీసేది), బ్లాట్ (వాటిని పొర మీదికి ఎక్కించి యాంటీబాడీతో గుర్తించేది) ఇక్కడ, నడుమ బస్సు. ఇట్లా రెండు చోట్ల పనిచేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: కణం పగిలిన క్షణం నుంచి నమూనాను వేడి చేసేదాకానే ప్రమాదం. ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ ఉన్న శాంపిల్ బఫర్‌లో 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచితే ఫాస్ఫేట్లను ఊడగొట్టే ఫాస్ఫటేజులు పనికిరాకుండా పోతాయి. ఆ తర్వాత ఐసు పెట్టిన థర్మోకోల్ డబ్బాలో నార్కట్‌పల్లి మీదుగా తెచ్చుకోవచ్చు. వేడి చేయని లైసేట్‌ను (పగిలిన కణాల రసాన్ని) మాత్రం బస్సెక్కించొద్దు.

ఈజీఎఫ్‌ఆర్ దండిగా ఉంటుందని ఏ431 అనే క్యాన్సర్ కణాలు వాడుతాను. రాత్రంతా సీరం లేకుండా ఉంచాలి, లేదంటే సీరంలోని గ్రోత్ ఫ్యాక్టర్లే ఈఆర్‌కేను నిద్రపోనివ్వవు. మరునాడు మీడియం మార్చకుండా, ఉన్నదాంట్లోనే మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల ఈజీఎఫ్ కలిపి 5 నిమిషాలు ఆగుతాను. పక్కన ఈజీఎఫ్ లేని ప్లేటు ఒకటి, గంట ముందే ఈజీఎఫ్‌ఆర్‌ను ఆపే జెఫిటినిబ్ 1 మైక్రోమోలార్ ఇచ్చి ఆ తర్వాత ఈజీఎఫ్ కలిపిన ప్లేటు ఒకటి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడే ఈ మందుతో సంకేతం ఆగిపోతేనే యాంటీబాడీ చూపించేది నిజమని నమ్ముతాను. ఈజీఎఫ్‌ఆర్‌లో టీ790ఎం అనే జన్యుమార్పు ఉన్న హెచ్1975 లాంటి కణాలు మాత్రం ఈ మందుకు లొంగవు, ఈ పరీక్షకు అవి పనికిరావు.

కణాలను పగలగొట్టే లైసిస్ బఫర్‌లో 20 మిల్లీమోలార్ ట్రిస్ (పీహెచ్ 7.5), 150 మిల్లీమోలార్ ఉప్పు, 1 శాతం ఎన్‌పీ-40 (మెత్తని డిటర్జెంట్), ప్రోటీన్లను కోసే ఎంజైములను ఆపే ప్రోటియేజ్ ఇన్హిబిటర్లు. వీటికి తోడు 50 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడ్, 1 మిల్లీమోలార్ సోడియం ఆర్థోవెనడేట్. రెండూ ఎందుకంటే, ఈఆర్‌కే పనిచేయాలంటే దానిలోని థ్రియోనిన్ 202, టైరోసిన్ 204 అనే అమైనో ఆమ్లాలు రెండింటి మీదా ఫాస్ఫేట్ ఉండాలి. థ్రియోనిన్ వైపు ఫాస్ఫటేజులను ఫ్లోరైడ్ ఆపుతుంది, టైరోసిన్ వైపువాటిని వెనడేట్.

ఇక్కడి పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న: "మన నీళ్లల్లోనే ఫ్లోరైడ్ ఉంది కదా, మళ్లీ కలపాల్నా?" కలపాలి. తాగునీటికి గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. 50 మిల్లీమోలార్ అంటే లీటరుకు 950 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, ఆరు వందల రెట్లకు పైమాటే. ఎముకలను వంచే నీళ్లు కూడా బఫర్‌కు చాలవు. లీటరుకు 2.1 గ్రాముల సోడియం ఫ్లోరైడ్ తూకం వేయండి, ద్రావణాన్ని ప్లాస్టిక్ సీసాలో పెట్టండి.

వెనడేట్ దగ్గరే ఎక్కువ మంది బోల్తా పడతారు. పొడిని కరిగించి అట్లాగే వాడితే సగం పనే చేస్తుంది. 200 మిల్లీమోలార్ ద్రావణాన్ని పీహెచ్ 10కి తెస్తే పసుపుపచ్చగా ఉంటుంది. రంగు పోయేదాకా మరిగించి, చల్లార్చి, మళ్లీ పీహెచ్ 10కి తేవాలి. పసుపు రంగు తిరిగి రాకుండా, పీహెచ్ కదలకుండా నిలిచేదాకా ఇదే పని. ఈడీటీఏ, డీటీటీ రెండూ వెనడేట్ ప్రభావాన్ని పోగొడతాయి, లైసిస్ బఫర్‌లోకి రానివ్వకండి.

ఈజీఎఫ్‌ఆర్‌ను యాంటీబాడీతో పట్టి, దానితో పాటు గ్రబ్2ను లాగడానికి 1 మిల్లీగ్రాము లైసేట్, 2 మైక్రోగ్రాముల యాంటీబాడీ, ఆ యాంటీబాడీని పట్టుకునే ప్రోటీన్ ఏ/జీ పూసలు. అదే జాతి జంతువు మామూలు ఐజీజీతో (ఈజీఎఫ్‌ఆర్‌ను గురిపెట్టని యాంటీబాడీతో) ఒక కంట్రోల్ తప్పనిసరి. రాత్రంతా తిప్పమని చాలా ప్రోటోకాళ్లు చెబుతాయి. నేను కోల్డ్ రూంలో 2 గంటలతో ఆపుతాను, ఎందుకంటే గ్రబ్2 అంటుకునేదే ఈజీఎఫ్‌ఆర్ టైరోసిన్ మీది ఫాస్ఫేట్‌కు. అది రాలితే జంట విడిపోతుంది. మరింత ఘాటైన రిపా అనే లైసిస్ బఫర్‌లోని ఎస్‌డీఎస్, డీఆక్సీకోలేట్ కూడా జంటలను విడదీయగలవు, అందుకే ఎన్‌పీ-40. కడిగిన పూసలను అక్కడే శాంపిల్ బఫర్‌లో వేడి చేసుకుని వస్తాను.

నల్లగొండ మే నెలలో, జెల్ నుంచి పొరకు ప్రోటీన్లను ఎక్కించే ట్రాన్స్‌ఫర్ ట్యాంకు కుతకుతలాడుతుంది. 100 వోల్టుల దగ్గర గంటన్నర నడవాలంటే ఒక్క ఐసు దిమ్మ చాలదు, నడుమ మార్చాలి. పొర మీది ఖాళీలను మూసే బ్లాకింగ్‌కు పాలపొడి వద్దు: పాలలోని కేసీన్ కూడా ఫాస్ఫేట్లున్న ప్రోటీనే, ఫాస్ఫేట్‌ను గుర్తించే ఫాస్ఫో యాంటీబాడీకి మసక తెస్తుంది. 5 శాతం బీఎస్‌ఏ (ఆవు సీరంలోని ఆల్బుమిన్) వాడండి. మొదటి యాంటీబాడీని గుర్తించే సెకండరీ యాంటీబాడీకి అతికించి ఉండే హెచ్‌ఆర్‌పీ ఎంజైమును సోడియం అజైడ్ చంపుతుంది, సెకండరీలో కలపొద్దు.

ఈజీఎఫ్‌ఆర్ దాదాపు 175 కిలోడాల్టన్ల దగ్గర, ఈఆర్‌కేలు 44, 42 దగ్గర తేలికగా దొరుకుతాయి. చిక్కంతా గ్రబ్2తో. దాని బరువు 25, పూసలతో పాటు వచ్చే యాంటీబాడీలోని చిన్న గొలుసు, అంటే లైట్ చైన్‌దీ 25. ఐజీజీ కంట్రోల్ వరుసలోనూ అదే గీత కనిపిస్తే అది గ్రబ్2 కాదు. హెవీ చైన్‌ను (యాంటీబాడీలోని పెద్ద గొలుసును) మాత్రమే గుర్తించే ఎఫ్‌సీ సెకండరీ వాడితే అడ్డు 50 దగ్గరికి జరుగుతుంది, 25 ఖాళీ అవుతుంది. లేదా ఎలుక యాంటీబాడీతో లాగి, కుందేలు యాంటీబాడీతో బ్లాట్ చేయండి. సెకండరీ మాత్రం ఎలుక ఐజీజీని అంటుకోకుండా శుద్ధి చేసినదే కొనాలి.