ఎక్కించిన రక్తం వెంట వచ్చే ఇనుము

మా అమ్మాయికి తలసీమియా మేజర్, అంటే ఒంట్లో సరిపడా రక్తం తయారుకాక తరచూ ఎక్కించుకోవలసి వచ్చే పుట్టుజబ్బు, ఉందని తెలిసిన ప్రతివారూ మొదట అడిగేది రక్తం దొరుకుతోందా అని. కాలేజీలకు సెలవులిచ్చి, రక్తదానం చేసే పిల్లలంతా సొంతూళ్లకు వెళ్లిపోయే మే నెలలో కడపలో ఆ చింత మాకూ తప్పదు. అయితే ఇన్నేళ్లుగా ఈ జబ్బును దగ్గరుండి చూస్తున్న తల్లిగా నేను చెప్పదలచుకున్నది రక్తం ఎక్కించిన తరువాతి సంగతి. రక్తం ఎక్కించే ముందు కూడా హిమోగ్లోబిన్ 9.5 గ్రాములకు తగ్గకుండా చూసుకోవాలని వైద్యులు చెబుతారు. ఆ అంకె కనబడి, బిడ్డ ముఖం తేటపడగానే ఈ నెలకు గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటాము. ఆ రక్తంతో పాటు ఒంట్లోకి చేరిన ఇనుము మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఒక్కో రక్తపు సంచిలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మన శరీరం నుంచి రోజుకు సహజంగా బయటకు పోయేది ఒకటి రెండు మిల్లీగ్రాములే, అంతకు మించి చేరినదాన్ని వదిలించుకునే దారి ఒంట్లో లేదు. నెలకు రెండు సంచుల చొప్పున ఎక్కించినా ఏడాదికి దాదాపు 5 గ్రాములు పోగవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి ఒంట్లో మొత్తం ఇనుమే మూడు నాలుగు గ్రాములు. ఇలా అదనంగా చేరినదంతా కాలేయంలో, గుండెలో, హార్మోన్ల గ్రంథులలో పేరుకుంటుంది. దాన్ని మూత్రం, మలం ద్వారా బయటకు పంపించే మందులనే కీలేషన్ మందులంటారు.

మా అమ్మాయి వాడేది నీళ్లలో కరిగించి తాగే డిఫెరాసిరాక్స్ మాత్ర. గాజు గ్లాసులో నీళ్లు పోసి, మాత్ర వేసి, స్టీలు చెంచా వాడకుండా ప్లాస్టిక్ చెంచాతో కలిపితే బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడుతుంది. అది పరగడుపున తాగాలి, ఆపై కనీసం అరగంట ఏమీ తినకూడదు. గ్లాసు అడుగున మిగిలిన మడ్డిని కూడా కాసిన్ని నీళ్లతో తొలిచి తాగిస్తేనే డోసు పూర్తయినట్టు. బడికి వేళవుతుంటే ఆ అరగంట కొండంత అనిపిస్తుంది, నిజమే. ఒక్క రోజుకు ఏమవుతుందిలే అనే మాట మాత్రం మా ఇంట్లో అనకూడదని నియమం పెట్టుకున్నాము, ఎందుకంటే మాత్ర మానిన రోజున పైకి ఏ బాధా కనబడదు. ఆ కనబడకపోవడమే అసలు ప్రమాదం.

బడిలో రక్తహీనత నివారణకు వారానికోసారి పిల్లలందరికీ నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. పాలిపోయిన మా అమ్మాయిని చూసి టీచరుగారు ప్రేమతోనే, "నువ్వు తప్పకుండా వేసుకోవాలమ్మా" అన్నారట. మరునాడు నేను వెళ్లి, "మేడమ్, దీనికి ఇనుము ఎక్కువై బాధ, తక్కువై కాదు" అని చెప్పి, ఆ సంగతి కాగితం మీద కూడా రాసి ఇచ్చి వచ్చాను. బలానికి ఐరన్ టానిక్ పట్టించమని సలహా ఇచ్చే బంధువులకూ ఇదే సమాధానం.

ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో సూచించే ఫెరిటిన్ అనే రక్తపరీక్ష మూడు నెలలకోసారి అవసరమే కానీ, దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు. జ్వరం వచ్చినా, కాలేయం వాచినా ఫెరిటిన్ పెరుగుతుంది. మరోవైపు ఆ అంకె బాగానే ఉన్నా గుండె కండరంలో ఇనుము పేరుకుని ఉండవచ్చు. గుండెలోని ఇనుమును ఎమ్మారై యంత్రంపై టీ2 స్టార్ అనే పద్ధతిలో కొలుస్తారు. ఫలితం 20 మిల్లీసెకన్లకు పైన ఉంటే నిశ్చింత, 10 కంటే తగ్గితే గుండె దెబ్బతినే ముప్పు చాలా ఎక్కువ. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ అన్ని స్కానింగ్ సెంటర్లలో ఉండదు కనుక మేము ఏడాదికోసారి వేలూరు ప్రయాణం పెట్టుకుంటున్నాము. ఖర్చూ శ్రమా రెండూ ఉన్నాయి, అయినా ఈ జబ్బున్నవారి ప్రాణాలు ఎక్కువగా గుండె మీదుగానే పోయాయని తెలిశాక వాయిదా వేయడానికి మనసు రాదు. ఇనుము చేరిన సంగతి ముందుగా తెలిస్తే మందు పెంచి, లేదా రెండు మందులు కలిపి ఇచ్చి, గుండెను తిరిగి కోలుకునేలా చేయవచ్చు.

నన్ను ఎక్కువగా బాధపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు నిండాయి. పెళ్లికి వెళ్లినా, పేరంటానికి వెళ్లినా "ఏమ్మా, పాప ఇంకా పెద్దమనిషి కాలేదా?" అని పిల్ల ఎదుటే అడుగుతారు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో ఇనుము చేరడం వల్ల యవ్వనం ఆలస్యమవుతుందనీ, ఎదుగుదల కుంటుపడుతుందనీ, అందులో పిల్ల తప్పు ఇసుమంతైనా లేదనీ వారికి ఎన్నిసార్లు చెప్పాలి? పదమూడేళ్లు నిండినా ఆడపిల్లలో యవ్వన లక్షణాలు మొదలుకాకపోతే, మగపిల్లల్లో పద్నాలుగు దాటినా కనబడకపోతే, హార్మోన్ల వైద్యునికి చూపించాలి, చికిత్స ఉంది. సిగ్గుపడి దాచిపెడితే ఎముకలు కూడా గుల్లబారతాయి.

థైరాయిడ్, షుగర్ పరీక్షలు పదేళ్ల వయసు నుంచి ఏటా చేయించడం మంచిది. వేళ్లు తిమ్మిరెక్కినా, కాళ్లూ చేతులూ కొంకర్లు పోయినా కాల్షియం తగ్గిందేమో చూడాలి. రక్తం ద్వారా రాగల హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి పరీక్షలు, హెపటైటిస్ బి టీకా ఎలాగూ తప్పవు.

జ్వరం విషయంలో మాత్రం తెల్లవారాక చూద్దామని ఆగకండి. ఈ జబ్బు వల్ల ప్లీహం (పొట్టలో ఎడమవైపు ఉండే అవయవం) తీసేసిన పిల్లలకు మామూలు జ్వరమే గంటల్లో విషమించవచ్చు. డిఫెరిప్రోన్ అనే మరో కీలేషన్ మందు వాడేవారికి జ్వరమో గొంతునొప్పో వస్తే తెల్లకణాలు పడిపోయి ఉండవచ్చు, కాబట్టి ఆ మందు వెంటనే ఆపి, అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. డిఫెరాసిరాక్స్ వాడే పిల్లలకు మన ఎండల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మూత్రపిండాలు దెబ్బతినే అవకాశం ఉంది. మందు ఆపాలో వద్దో వైద్యునికి ఫోన్ చేసి అడగండి, ఆయన నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి.